బిల్డ్‌కి ఏ సెట్టింగ్ ఇవ్వాలి, సర్వర్‌కి ఏది వదిలేయాలి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది. స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్, సోర్స్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్ మేవెన్ అనే టూల్‌తో, ఆ బిల్డ్‌ని ఆటోమేటిక్‌గా నడిపేది జెంకిన్స్. డెవ్ (డెవలప్‌మెంట్), టెస్ట్, ప్రాడ్ (అసలు యూజర్ల కోసం నడిచే ప్రొడక్షన్) అని మూడు ఎన్విరాన్‌మెంట్లు. డేటాబేస్ అడ్రస్, పాస్‌వర్డ్, పేమెంట్ గేట్‌వే యూఆర్‌ఎల్ ఒక్కోచోట ఒక్కోటి. ఇప్పటిదాకా మూడు జెంకిన్స్ జాబ్‌లు పెట్టుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో మేవెన్ ప్రొఫైల్‌తో (పేరు పెట్టిన బిల్డ్ సెట్టింగ్‌ల గుంపు) బిల్డ్ చేస్తున్నారు. వాటిని కలిపి ఒకే జాబ్ చేసి, ఏ ఎన్విరాన్‌మెంటో బయటినుంచి చెప్పడం ఎలా అని అడిగారు.

ముందు అడిగినదానికి సూటిగా చెప్తాను. జాబ్‌కి ఒక పారామీటర్ పెట్టండి. అది స్ట్రింగ్ పారామీటర్ కాకుండా చాయిస్ పారామీటర్ అయితే మంచిది. చేత్తో టైప్ చేసే వీలు ఇస్తే ఒకరు ప్రాడ్ అంటారు, ఇంకొకరు ప్రొడక్షన్ అంటారు. మేవెన్ 3లో ఆ పేరుతో ప్రొఫైల్ లేకపోయినా బిల్డ్ ఆగదు, లాగ్ చివర్లో ఒక వార్నింగ్ పడేసి ముందుకెళ్ళిపోతుంది. ఆ వార్నింగ్‌ని చదివేవాళ్ళు ఎవరూ ఉండరు. చాయిస్ జాబితాలో మొదట ఉన్నదే డీఫాల్ట్ అవుతుంది కాబట్టి డెవ్‌ని పైన పెట్టండి. ఎంచుకున్న విలువ పైప్‌లైన్‌లో పారామ్స్ అనే ఆబ్జెక్ట్ కింద దొరుకుతుంది, దాన్ని మేవెన్ కమాండ్‌లో క్యాపిటల్ పీ ఆప్షన్ పక్కన పెడితే సరిపోతుంది. పారామీటర్లను జెంకిన్స్‌ఫైల్ (పైప్‌లైన్ దశలు రాసే ఫైల్) లోపలే రాస్తే, ఆ జాబ్ ఒక్కసారి నడిచాకే అవి స్క్రీన్ మీద కనిపిస్తాయి. కొత్తవాళ్ళు ఇక్కడ చాలాసేపు తల పట్టుకుంటారు, అందుకే చెప్తున్నా.

ఇలా చేస్తే పనవుతుంది. అయినా మీ చోట నేనుంటే ఈ దారి పట్టను. మూడు జాబ్‌లు ఉండటం అసలు ఇబ్బంది కాదు. మూడు జార్ ఫైళ్ళు (బిల్డ్ నుంచి వచ్చే ప్రోగ్రామ్ ప్యాకేజీలు) తయారవడమే ఇబ్బంది, ఒకే జాబ్ చేసినా అది అలాగే ఉంటుంది. టెస్టింగ్ టీమ్ రోజుల తరబడి పరీక్షించి సరే అన్న జార్ ఒకటి, ప్రాడ్‌లోకి వెళ్ళేది మళ్ళీ కొత్తగా తయారైన ఇంకొకటి. ఈ రెండు బిల్డ్‌ల మధ్య స్నాప్‌షాట్ డిపెండెన్సీ (ఇంకా మారుతూ ఉండే వెర్షన్ లైబ్రరీ) ఒకటి మారి ఉండొచ్చు, బిల్డ్ మెషీన్‌లో జేడీకే (జావా టూల్స్) అప్‌డేట్ అయి ఉండొచ్చు, బ్రాంచ్‌లోకి ఇంకో కమిట్ వచ్చి ఉండొచ్చు. సోర్స్ ఒకటే కదా, జార్ కూడా ఒకటే అనుకుంటాం. అనుకోవడానికీ రుజువు చేయడానికీ తేడా ఉంది. తయారైన జార్‌లు దాచే నెక్సస్‌లాంటి రిపాజిటరీలో పెట్టబోతే ఈ తేడా వెంటనే బయటపడుతుంది: ఒకే వెర్షన్ నంబర్‌తో రెండో జార్‌ని రిలీజ్ రిపాజిటరీ మామూలుగా తీసుకోదు. అప్పుడు వెర్షన్ చివర టెస్ట్ అని ఒకదానికి, ప్రాడ్ అని ఒకదానికి తోకలు తగిలించడం మొదలవుతుంది.

కాబట్టి ఎలా పంపాలి అనేదానికంటే ముందు, ఏది పంపాలి అనేది తేల్చుకోండి. ప్రతి సెట్టింగ్ మీదా నేను వేసే ప్రశ్న ఒకటే: ఈ విలువ మారితే జార్ లోపలి బైట్లు మారి తీరాలా? డేటాబేస్ అడ్రస్ మారితే కోడ్ మారనక్కర్లేదు. గేట్‌వే యూఆర్‌ఎల్, కనెక్షన్ పూల్ సైజ్, లాగ్ లెవెల్, ఫీచర్ ఫ్లాగ్‌లు, వీటిలో ఏది మారినా అంతే. ఇవన్నీ ప్రోగ్రామ్ లేచేటప్పుడు చదువుకోవాల్సినవి. వీటికీ బిల్డ్‌కీ సంబంధం లేదు.

మరి బిల్డ్‌కి నిజంగా ఇవ్వాల్సినవేంటి? ఏ జేడీకే, డిపెండెన్సీలు ఏ మిర్రర్ (లైబ్రరీల కాపీలుండే సర్వర్) నుంచి తెచ్చుకోవాలి, ఆ మిర్రర్‌కి యూజర్ పేరూ పాస్‌వర్డూ, ప్రాక్సీ ఉంటే దాని అడ్రస్, వెర్షన్ నంబర్, కమిట్ ఐడీ, సైనింగ్ కీ. ఇవి డెవ్, టెస్ట్, ప్రాడ్‌లను బట్టి మారవు. వెర్షన్ నంబర్, కమిట్ ఐడీ తప్ప మిగతావి బిల్డ్ ఎక్కడ నడుస్తోందో, మీ ల్యాప్‌టాప్ మీదా జెంకిన్స్ మెషీన్ మీదా అన్నదాన్ని బట్టి మారతాయి. మిర్రర్, దాని యూజర్ పేరూ పాస్‌వర్డూ, ప్రాక్సీ, వీటి చోటు పామ్ ఫైల్ (ప్రాజెక్ట్‌తో పాటు ఉండే మేవెన్ ఫైల్) కాదు, ఆ మెషీన్‌లోని మేవెన్ సెట్టింగ్స్ ఫైల్. జెంకిన్స్‌లో కాన్ఫిగ్ ఫైల్ ప్రొవైడర్ అనే ప్లగిన్ ఉంది, సెట్టింగ్స్ ఫైల్‌ని దాంట్లో పెట్టుకుంటే ప్రతి ఏజెంట్ (బిల్డ్ నడిపే మెషీన్) మీదికీ కాపీ చేసే పని తప్పుతుంది. గ్రేడిల్ వాడేవాళ్ళు ఇదే పనికి యూజర్ హోమ్‌లోని గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్ వాడుకోవచ్చు.

ఇక మిగతావన్నీ రన్‌టైమ్‌కి నెట్టేయడం స్ప్రింగ్ బూట్‌లో చాలా తేలిక, దాన్ని ఆలోచించి చేశారు. ఒకే సెట్టింగ్ నాలుగైదు చోట్ల ఉంటే ఏది నెగ్గుతుందో ఒక వరుస ఉంది. కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్ అన్నిటికంటే పైన, తర్వాత జావా సిస్టమ్ ప్రాపర్టీ, ఆ తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, దాని తర్వాత జార్ బయట ఉన్న అప్లికేషన్ ఫైల్, చివరికి జార్ లోపలిది. మధ్యలో ఇంకొన్ని ఉన్నా రోజువారీ పనికి ఈ వరుస గుర్తుంటే చాలు. చుక్కలతో ఉండే ప్రాపర్టీ పేరుని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇవ్వాలంటే చుక్క బదులు అండర్‌స్కోర్ పెట్టి, హైఫన్ తీసేసి, అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో రాయండి. జార్‌ని ఏ ఫోల్డర్‌లో ఉండి నడుపుతున్నారో అక్కడ కాన్ఫిగ్ అనే ఫోల్డర్ పెట్టి దాంట్లో అప్లికేషన్ ఫైల్ ఉంచినా స్ప్రింగ్ బూట్ దానంతటదే చదువుకుంటుంది. ప్రొఫైల్ పేరు కూడా ఇలాగే, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా సర్వర్ మీద ఇవ్వాలి. మేవెన్ ప్రొఫైల్, స్ప్రింగ్ ప్రొఫైల్ పేరుకి ఒకటే గానీ పనిలో పొంతన లేదు. మొదటిది బిల్డ్ చేసేటప్పుడు, రెండోది ప్రోగ్రామ్ లేచేటప్పుడు. రెండింటినీ ముడిపెట్టి, ఒకదాని విలువని రిసోర్స్ ఫిల్టరింగ్‌తో (బిల్డ్ అప్పుడు ఫైళ్ళలోని ఖాళీలను విలువలతో నింపడం) ఇంకొకదాంట్లోకి నింపే ప్రాజెక్ట్‌లు చాలా చూశాను. మీదీ అదే అయితే ముందు విప్పాల్సిన ముడి అదే.

ఫిల్టరింగ్ మాట వచ్చింది కాబట్టి మేవెన్ పెట్టే రెండు చిక్కులు. ఒకటి, డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉండాలని మార్క్ చేసిన ప్రొఫైల్, అదే పామ్‌లోని వేరే ప్రొఫైల్ ఏది ఆన్ అయినా ఆఫ్ అయిపోతుంది. డీఫాల్ట్ అంటే ఎప్పుడూ ఉంటుందనుకుని దాంట్లో ముఖ్యమైన ప్లగిన్ పెట్టుకున్నవాళ్ళకి, ఇంకో ప్రొఫైల్ పేరు ఇచ్చిన రోజు ఆ ప్లగిన్ మాయమైపోతుంది. రెండోది, రిసోర్స్ ఫోల్డర్ మొత్తానికి ఫిల్టరింగ్ ఆన్ చేస్తే కీస్టోర్ (కీలు, సర్టిఫికెట్లు దాచే ఫైల్), ఫాంట్‌లాంటి బైనరీ ఫైళ్ళని కూడా టెక్స్ట్ అనుకుని తిరగరాసి పాడుచేస్తుంది. కీస్టోర్ ఫార్మాట్ తప్పు అని ఎర్రర్ వస్తుంది, మనం సర్టిఫికెట్ వైపు వెతుకుతూ ఉంటాం. ఫిల్టరింగ్‌ని కమిట్ ఐడీ, వెర్షన్ నంబర్ నింపే ఒక్క ఫైల్‌కి పరిమితం చేయండి.

డీఫాల్ట్ విలువల గురించి నాది కొంచెం మొండి అభిప్రాయం. పూల్ సైజ్, టైమ్‌అవుట్‌లాంటి వాటికి డీఫాల్ట్ ఇవ్వండి, తప్పు లేదు. బయటి సిస్టమ్ అడ్రస్ దేనికీ ఇవ్వొద్దు. డేటాబేస్‌కి లోకల్‌హోస్ట్ అని డీఫాల్ట్ పెడితే ప్రాడ్‌లో కనెక్షన్ దొరక్క గోల చేస్తుంది, అది పర్వాలేదు, వెంటనే తెలుస్తుంది. పేమెంట్ గేట్‌వేకి శాండ్‌బాక్స్ (ఉత్తుత్తి లావాదేవీల) యూఆర్‌ఎల్ డీఫాల్ట్‌గా పెట్టి, ప్రాడ్‌లో వేరియబుల్ ఇవ్వడం మరిచిపోతే? అన్నీ పచ్చగా కనిపిస్తాయి, ఆర్డర్లు పడతాయి, డబ్బు మాత్రం రాదు. విలువ లేకపోతే అప్లికేషన్ లేవకూడదు. స్ప్రింగ్‌లో వాల్యూ అనోటేషన్‌తో చదివే, డీఫాల్ట్ లేని ప్లేస్‌హోల్డర్‌కి విలువ దొరక్కపోతే స్టార్టప్‌లోనే పడిపోతుంది, ఆ గుణాన్ని వాడుకోండి. ఇంకా గట్టిగా కావాలంటే సెట్టింగ్‌లన్నీ ఒక కాన్ఫిగరేషన్ ప్రాపర్టీస్ క్లాస్‌లోకి తెచ్చి వ్యాలిడేషన్ పెట్టండి. డిప్లాయ్‌మెంట్ షెల్ స్క్రిప్ట్‌లో కూడా, వేరియబుల్ ఖాళీగా ఉంటే మెసేజ్ ఇచ్చి ఆగిపోయే కోలన్-ప్రశ్నార్థకం రూపం ఉంది, అది రాస్తే సర్వర్ దాకా వెళ్ళకుండానే తెలిసిపోతుంది.

ఎన్విరాన్‌మెంట్‌కి ఒక ఫైల్ చొప్పున జార్ లోపలే పెట్టి, ప్రొఫైల్ పేరు మాత్రం బయటినుంచి ఇవ్వడం మంచిదేనా అని మీరు తర్వాత అడుగుతారని తెలుసు. 2011లో హెరోకు అనే క్లౌడ్ కంపెనీ ఇంజినీర్లు రాసిన పన్నెండు సూత్రాల పత్రం (ట్వెల్వ్-ఫ్యాక్టర్ యాప్) దీన్ని ఒప్పుకోదు. కాన్ఫిగ్ అంతా విడివిడి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గానే ఉండాలంటుంది, గుంపులుగా పేర్లు పెట్టొద్దంటుంది. ఆ పత్రం చెప్పే పరీక్ష మాత్రం నాకు బాగా నచ్చుతుంది: మీ కోడ్‌ని ఈ క్షణమే అందరికీ తెరిచి చూపించినా ఒక్క పాస్‌వర్డ్ కూడా బయటపడకూడదు. అంతవరకు ఒప్పుకుంటూనే, రహస్యం కాని తేడాలు గిట్‌లో ఉండటాన్ని నేను తప్పు పట్టను. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రివ్యూలో కనిపిస్తుంది. సర్వర్ మీద ఎవరో చేత్తో మార్చిన వేరియబుల్‌కి ఆ చరిత్ర ఉండదు. మూడు ఎన్విరాన్‌మెంట్లకి ఈ పద్ధతి హాయిగా సరిపోతుంది. యూఏటీ (యూజర్లు చేసే పరీక్ష), పెర్ఫార్మెన్స్, డెమో, టెస్ట్-2 అంటూ పెరగడం మొదలైందంటే, ఫైళ్ళు జార్ లోపలినుంచి తీసి వేరే రిపాజిటరీలో పెట్టుకునే సమయం వచ్చినట్టు. కోడ్ లోపల మాత్రం ప్రొఫైల్ ప్రాడ్ అయితే ఇలా, కాకపోతే అలా అని ఎక్కడా ఇఫ్ రాయకండి. ఆ ఇఫ్ లోపలి దారిని ప్రాడ్‌కి వెళ్ళేదాకా ఎవరూ పరీక్షించలేరు.

పాస్‌వర్డ్‌ల సంగతి విడిగా చెప్పాలి. మేవెన్‌కో జావాకో క్యాపిటల్ డీ ఆప్షన్‌తో పాస్‌వర్డ్ పంపకండి. లైనక్స్‌లో ఒక ప్రాసెస్ కమాండ్ లైన్ మామూలుగా ఆ మెషీన్‌లోని ప్రతి యూజర్‌కీ కనిపిస్తుంది, పీఎస్ కమాండ్ కొడితే చాలు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అయితే అదే యూజర్‌కీ, రూట్‌కీ మాత్రమే కనిపిస్తాయి. జెంకిన్స్‌లో క్రెడెన్షియల్స్ స్టోర్‌లో పెట్టి, విత్ క్రెడెన్షియల్స్ బ్లాక్ లోపల వాడండి. అక్కడ ఒక చిన్న గొయ్యి ఉంది: షెల్ స్టెప్‌ని డబుల్ కోట్స్‌లో రాస్తే పైప్‌లైన్ రాసే భాష గ్రూవీనే ఆ రహస్యాన్ని కమాండ్ లోపల నింపేస్తుంది, మళ్ళీ పాస్‌వర్డ్ ప్రాసెస్ జాబితాలోకి వెళ్తుంది. సింగిల్ కోట్స్‌లో రాస్తే గ్రూవీ ముట్టుకోదు, షెల్ తన ఎన్విరాన్‌మెంట్‌లోంచి తీసుకుంటుంది. లాగ్‌లో నక్షత్రాలు కనిపిస్తున్నాయి కదా అని ధీమా పడొద్దు, ఆ మాస్కింగ్ తనకి తెలిసిన అక్షరాల వరుసనే వెతుకుతుంది. అదే పాస్‌వర్డ్‌ని ఏదో టూల్ వేరే రూపంలోకి మార్చి ప్రింట్ చేస్తే నిక్షేపంగా లాగ్‌లో పడొచ్చు.

అప్లికేషన్‌ని కంటైనర్‌గా నడపడానికి డాకర్ ఇమేజ్ తయారుచేస్తుంటే ఇంకో మాట. బిల్డ్ ఆర్గ్యుమెంట్‌గా పంపిన విలువలు డాకర్ హిస్టరీ కమాండ్‌కి కనిపించవచ్చు. ఫైల్‌గా కాపీ చేసి తర్వాతి స్టెప్‌లో డిలీట్ చేసినా కింది లేయర్‌లో (ముందు స్టెప్ మిగిల్చిన పొరలో) అది అలాగే ఉంటుంది. బిల్డ్ మధ్యలో నిజంగా టోకెన్ కావాలంటే, ఉదాహరణకి ప్రైవేట్ రిపాజిటరీ నుంచి లైబ్రరీ తేవాలంటే, డాకర్ బిల్డ్ ఇంజిన్ అయిన బిల్డ్‌కిట్‌లో సీక్రెట్ మౌంట్ ఉంది. ఆ ఒక్క స్టెప్ నడిచినంతసేపే ఫైల్‌లా కనిపించి పోతుంది, లేయర్‌లో మిగలదు. లైనక్స్ మీద డాకర్ ఇంజిన్ 23.0 నుంచి బిల్డ్‌కిట్టే డీఫాల్ట్, విడిగా ఆన్ చేసే పని కూడా లేదు. ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే 2021లో కోడ్ కవరేజ్ టూల్ కంపెనీ కోడ్‌కోవ్‌కి జరిగింది గుర్తుచేసుకోండి. వాళ్ళ డాకర్ ఇమేజ్ తయారీలో ఉన్న లోపం వల్ల ఒక క్రెడెన్షియల్ దుండగుల చేతికి దొరికింది. దాంతో వాళ్ళు ఆ కంపెనీ బ్యాష్ అప్‌లోడర్ స్క్రిప్ట్‌ని మార్చేశారు. ఆ స్క్రిప్ట్‌ని తమ బిల్డ్‌లో నడుపుకుంటున్న కస్టమర్ల సీఐ (ఆటోమేటిక్ బిల్డ్) మెషీన్ల నుంచి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ బయటి సర్వర్‌కి వెళ్ళాయి. జనవరి చివర్లో మొదలైతే ఏప్రిల్‌లో గానీ బయటపడలేదు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది రెండో సగం. బిల్డ్ మెషీన్‌లో ప్రాడ్ పాస్‌వర్డ్ లేకపోతే, అలాంటి స్క్రిప్ట్ ఒకటి మీ బిల్డ్‌లో దూరినా పట్టుకుపోవడానికి అది అక్కడ ఉండదు. బిల్డ్‌కి ప్రాడ్ విలువలు పంపొద్దని ఇంతసేపు పోరుపెట్టడానికి ఇదొక పెద్ద కారణం.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కి వాటి తిక్కలు వాటికున్నాయి. అన్నీ స్ట్రింగ్‌లే. ఫాల్స్ అని ఇస్తే స్ప్రింగ్ దాన్ని బూలియన్‌గా సరిగ్గానే మార్చుకుంటుంది గానీ, జావాస్క్రిప్ట్‌లోనో పైథాన్‌లోనో నేరుగా ఇఫ్‌లో పెడితే ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా ట్రూనే. లైనక్స్‌లో పేర్లకి క్యాపిటల్, స్మాల్ తేడా ఉంటుంది, విండోస్‌లో ఉండదు. జెంకిన్స్‌లో ప్రతి షెల్ స్టెప్ కొత్త షెల్, ఒకదాంట్లో ఎక్స్‌పోర్ట్ చేసింది తర్వాతిదానికి అందదు, అందుకు విత్ ఎన్వ్ బ్లాక్ వాడాలి. గిట్‌హబ్ యాక్షన్స్‌లో కూడా అంతే, అక్కడ ఒక ప్రత్యేక ఫైల్‌లోకి రాయాలి. అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది మాత్రం కంటికి కనిపించని అక్షరం. వేరియబుల్స్ రాసుకునే డాట్ ఎన్వ్ ఫైల్‌ని విండోస్‌లో సేవ్ చేస్తే ప్రతి లైన్ చివరా క్యారేజ్ రిటర్న్ చేరుతుంది, లైనక్స్ షెల్ దాన్ని కూడా పాస్‌వర్డ్‌లో భాగమే అనుకుంటుంది. స్క్రీన్ మీద పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంటుంది, డేటాబేస్ మాత్రం ఒప్పుకోదు. కుబర్నెటీస్ (కంటైనర్లను నడిపే సిస్టమ్) సీక్రెట్ కోసం ఎకో కమాండ్‌తో బేస్64 చేసేవాళ్ళకి ఇదే బాధ కొత్త లైన్ రూపంలో వస్తుంది. ఎకోకి ఎన్ ఆప్షన్ ఇవ్వండి, లేదా ప్రింట్‌ఎఫ్ వాడండి. పాస్‌వర్డ్ తప్పంటూ వస్తున్నప్పుడు నేను మొదట చూసేది దాని పొడవే, విలువ సంగతి తర్వాత.

వేరియబుల్స్ వద్దనుకుంటే ఫైళ్ళూ ఉన్నాయి. స్ప్రింగ్ బూట్ 2.4 నుంచి కాన్ఫిగ్ ట్రీ అనే సదుపాయం ఉంది: ఒక ఫోల్డర్ చూపిస్తే దాంట్లోని ఫైల్ పేరుని ప్రాపర్టీ పేరుగా, లోపల ఉన్నదాన్ని విలువగా తీసుకుంటుంది. కుబర్నెటీస్ సీక్రెట్‌ని వాల్యూమ్‌గా మౌంట్ చేసేవాళ్ళకి చక్కగా అమరుతుంది.

ఫ్రంట్‌ఎండ్ దగ్గర నా సూత్రం కొంచెం తడబడుతుంది, అది ఒప్పుకోవాలి. వీట్ (Vite), నెక్స్ట్ జేఎస్‌లాంటి టూల్స్ ఫలానా ప్రిఫిక్స్‌తో మొదలయ్యే వేరియబుల్స్‌ని బిల్డ్ అప్పుడే చదివి, వాటి విలువల్ని జావాస్క్రిప్ట్ ఫైల్‌లో అచ్చు గుద్దేస్తాయి. తర్వాత సర్వర్ మీద వేరియబుల్ ఎంత మార్చినా బ్రౌజర్‌కి వెళ్ళేది పాత విలువే. దీనికి ఎక్కువ టీమ్‌లు ఎన్విరాన్‌మెంట్‌కో బిల్డ్ చేసి ఊరుకుంటాయి. అలా కాకుండా, పేజీ లోడ్ అవగానే ఒక చిన్న జేసన్ ఫైల్‌ని తెచ్చుకుని అందులోంచి ఏపీఐ అడ్రస్ తీసుకునేలా రాయండి, ఆ ఫైల్ ఒక్కటే ఎన్విరాన్‌మెంట్‌ని బట్టి మారుతుంది. దాన్ని బ్రౌజర్ క్యాష్ చేయకుండా హెడర్ పెట్టడం మాత్రం మరవద్దు. ఫ్రంట్‌ఎండ్‌కి ఏ దారిలో ఇచ్చినా అది రహస్యం కాదని గుర్తుంచుకోండి, బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. మొబైల్ యాప్ అయితే ఎన్విరాన్‌మెంట్‌కో బిల్డ్ తప్పకపోవచ్చు, యాప్ ఫోన్‌లోకి వెళ్ళాక దానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇచ్చేవాళ్ళు ఎవరుంటారు? ఆండ్రాయిడ్‌లో దీనికి ప్రొడక్ట్ ఫ్లేవర్లు పనికొస్తాయి.

ఇప్పుడు మీ జెంకిన్స్ జాబ్‌కి వద్దాం. బిల్డ్ స్టేజ్‌కి ఎన్విరాన్‌మెంట్ పారామీటర్ ఉండదు. అది ఒక్కసారి నడిచి, కమిట్ ఐడీ చేర్చిన వెర్షన్‌తో జార్ తయారుచేసి రిపాజిటరీలో పెడుతుంది. చాయిస్ పారామీటర్ డిప్లాయ్ స్టేజ్‌కి. అది రిపాజిటరీ నుంచి అదే జార్ తీసుకుని, ఎంచుకున్న ఎన్విరాన్‌మెంట్ సెట్టింగ్‌లతో సర్వర్ మీద పెడుతుంది. నా ఇష్టం అడిగితే బిల్డ్, డిప్లాయ్ రెండూ వేర్వేరు జాబ్‌లుగా ఉంచుతాను, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళాల్సి వస్తే డిప్లాయ్ జాబ్‌కి పాత వెర్షన్ నంబర్ ఇస్తే చాలు, మళ్ళీ బిల్డ్ అక్కర్లేదు. ప్రాడ్ క్రెడెన్షియల్స్‌ని జెంకిన్స్ గ్లోబల్ స్టోర్‌లో కాకుండా ప్రాడ్ డిప్లాయ్ జాబ్ ఉన్న ఫోల్డర్‌కి మాత్రమే పెట్టండి, గ్లోబల్‌లో ఉన్నది ఏ జాబ్ అయినా పేరు చెప్పి తీసుకోగలదు. ప్రాడ్‌కి ముందు ఎవరో ఒకరు సరే అనాలంటే ఇన్‌పుట్ స్టెప్ ఉంది, దాన్ని ఏ ఏజెంట్‌నీ పట్టుకోని స్టేజ్‌లో పెట్టండి, లేకపోతే ఆ మనిషి భోంచేసి వచ్చేదాకా ఒక ఎగ్జిక్యూటర్ (బిల్డ్ నడిపే స్లాట్) ఖాళీగా కూర్చుంటుంది.

మారాల్సిన క్రమం ఇలా పెట్టుకోండి. ముందు పాత మూడు జాబ్‌లను కదపకుండా, అప్లికేషన్ మాత్రం బయటి విలువలు చదివేలా మార్చండి. డెవ్‌లో వేరియబుల్స్ ఇచ్చి చూడండి, ఆగిపోయిన ప్రతిసారీ లేని సెట్టింగ్ ఏదో పేరుతో సహా తెలుస్తుంది. తర్వాత టెస్ట్. ఆ రెండూ కుదురుకున్నాక పామ్‌లోంచి మేవెన్ ప్రొఫైళ్ళు తీసేసి, జాబ్‌లు కలపండి. చివరగా టెస్ట్ సర్వర్ మీదా ప్రాడ్ సర్వర్ మీదా ఉన్న జార్‌లకి ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైల్‌కి వేలిముద్రలాంటి కోడ్) తీసి పక్కపక్కన పెట్టండి. రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే మేవెన్ ఇంకా ఎక్కడో రెండోసారి నడుస్తోందన్నమాట, డిప్లాయ్ స్క్రిప్ట్‌లో ప్యాకేజ్ అనే మేవెన్ ఫేజ్ కోసం వెతకండి.